కోడూరు గట్ల మీద మా పిన్ని గోల్ఫ్

పిన్ని పోయిన కబురు నాకు నాంచారయ్య గారు చెప్పారు. పొద్దున్న ఏడున్నరకి ఫోన్ మోగింది. గుడివాడలో మా ఇంట్లో నేను అప్పుడే కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"మాస్టారూ, మీ పిన్నిగారు ఇవాళ ఆటకి రాలేదండీ," అన్నారాయన.

"జ్వరమేమోనండీ. కనుక్కున్నారా?"

"కనుక్కున్నానండీ." ఆయన వెనకాల రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. "కుర్చీలో కూర్చునే ఉన్నారండీ. ఒక కాలికి బూటు వేసుకున్నారు. రెండోది చేతిలోనే ఉంది. డాక్టరు గారొచ్చి చూశారు. మీరు బయల్దేరండి."

నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ ఆటకి రాకపోవడం అనేది నాకు తెలిసి లేదు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున కూడా గొడుగు పట్టుకుని గట్టు దాకా వచ్చి, "ఇవాళ ఆట లేదు" అని గాలికి చెప్పి వెనక్కి వెళ్ళిన మనిషి. అలాంటిది, చెప్పకుండా మానేసింది.

పామర్రులో బస్సు మారి అవనిగడ్డ మీదుగా కోడూరు వెళ్ళే దారిలో నేను ఒకసారి ఏడ్చాను, మూడుసార్లు నవ్వాను. పక్కసీటు ఆయన మర్యాదగా కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. ఎందుకు నవ్వానో ఆయనకి చెప్పలేకపోయాను. మీకు చెప్తాను.

మా పిన్ని సైన్యంలో నర్సు. మా అమ్మకి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. కోడూరు పక్క పల్లెలో పుట్టి, చర్చి బడిలో చదువుకుని, నర్సు ట్రైనింగు అయ్యి, ఇరవై రెండేళ్ళకే ఉత్తరాదికి వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళకి పైగా అక్కడ కంటోన్మెంటు ఆసుపత్రుల్లో పని చేసి లెఫ్టినెంట్ కర్నలుగా దిగింది. దిగాక కొన్నేళ్ళు ఇంకో ఆసుపత్రిలో చేసి, అప్పుడు కోడూరు వచ్చింది. లారీలో సామాను దింపుతుంటే ఊరివాళ్ళు చుట్టూ చేరారు. రెండు ట్రంకుపెట్టెలు, ఒక మంచం, ఒక బీరువా, ఆఖర్న మనిషంత పొడుగు తోలుసంచి ఒకటి. సంచిలోంచి ఇనప తలకాయలు బయటికి చూస్తున్నాయి.

"తుపాకులా అమ్మగారూ?" అని ఒకాయన భయంభయంగా అడిగాడు.

"అంతకంటే ప్రమాదం," అంది పిన్ని.

ఆ అడిగినాయనే నాంచారయ్య గారు. పిన్ని ఇంటి వెనక ఉన్న రొయ్యల చెరువులు ఆయనవి.

గోల్ఫ్ ఎలా పట్టుకుందో పిన్ని ఎప్పుడూ ఒకేలా చెప్పేది. "ఒక ముసలి ఆఫీసరు కాలు విరిగి నా వార్డులో పడ్డాడు. కట్టు విప్పాక నడవమంటే నడవడు. గోల్ఫ్ మైదానంలో అయితే నడుస్తానన్నాడు. ఆయన్ని నడిపించడానికి రోజూ వెళ్ళాను. ఆయన కాలు బాగుపడింది. నేను పాడైపోయాను."

మా తాతగారి వాటాలో ఆవిడకి మూడెకరాలకి తక్కువ భూమి వచ్చింది. ఒకవైపు మురుగుకాలువ. సముద్రం దగ్గర కాబట్టి పోటు వచ్చినప్పుడు అందులో నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. మిగతా మూడువైపులా నాంచారయ్య గారి చెరువులు. నేలలో ఉప్పు. వరి వేస్తే గడ్డి వస్తుంది, గడ్డి వేద్దామంటే ఇంకా మంచి గడ్డి వస్తుంది. మా చుట్టాలందరం ఏకగ్రీవంగా దాన్ని పనికిరాని భూమి అన్నాం. పిన్ని దాని చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, "ఆరు గుంటలు పడతాయి," అంది.

అవును, ఆరు. అసలు ఆటకి పద్దెనిమిది గుంటలు కావాలిట. ఈ ఆరింటినే మూడుసార్లు చుట్టేది. బంతి పడాల్సిన ఆ గుంటల్లో డాల్డా డబ్బాలు పాతించింది. జెండాలకి పాత యూనిఫాం చీరలు చింపింది. గడ్డి కోయించడానికి మనిషిని పెట్టలేదు, ఊళ్ళో గేదెల్ని రమ్మంది. అవి వచ్చి కోసినంత సమంగా ఏ యంత్రమూ కోయదని ఆవిడ నమ్మకం. అవి కోసి ఊరుకోవు కదా పిన్నీ అంటే, "ఎరువు కూడా వాటిదే," అనేది.

ఆవిడ రాసిన నిబంధనల కాగితం గేటుకి వేలాడేది. బంతి గేదె మీద పడితే గేదె ఎక్కడ ఆగితే అక్కడ నుంచి ఆడాలి. కాకి ఎత్తుకుపోతే కొత్త బంతి, శిక్ష లేదు. పేడలో పడితే తీసుకోవచ్చు, కానీ ఎవరి బంతి వాళ్ళే తీసుకోవాలి. పాము కనిపిస్తే ఆట వదిలేసి పరుగెత్తవచ్చు, పరుగెత్తేటప్పుడు కర్రలు పారేయకూడదు.

మొదటి నెలలోనే ఒక గొడవ వచ్చింది. బంతి పక్కదారి పట్టి మనుషుల మీదికి వెళ్తుంటే గోల్ఫ్ ఆడేవాళ్ళు "ఫోర్!" అని అరవాలి. జాగ్రత్త, తప్పుకోండి అని దాని అర్థం. పిన్ని బంతి చెరువు గట్టు మీద మేత జల్లుతున్న పనివాళ్ళ వైపు దూసుకెళ్ళింది. పిన్ని గుండెలు పగిలేలా "ఫోర్!" అని అరిచింది. వాళ్ళు తప్పుకోలేదు. మేత బకెట్లు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. ఒకతను బౌండరీ అన్నట్టు చెయ్యి అటూ ఇటూ ఊపాడు కూడా. బంతి అతని బకెట్టుకి తగిలింది. ఆ మర్నాటి నుంచి మా పిన్ని, లెఫ్టినెంట్ కర్నలు, "తప్పుకోండహో!" అని అరవడం మొదలెట్టింది. అది కోడూరు రోడ్డు దాకా వినిపించేది.

నేను గుడివాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. నెలకో ఆదివారం పిన్నిని చూడటానికి వెళ్ళేవాణ్ణి. చర్చి నుంచి రాగానే నాకు ఒక కర్ర ఇచ్చేది. నా ఆట గురించి ఎక్కువ చెప్పను. ఒకసారి నా దెబ్బకి బంతి కదల్లేదు గానీ కర్ర తలకాయ ఊడి మురుగుకాలువలో పడింది. దాన్ని వెతికి తీయించి, బందరు పట్టుకెళ్ళాను. అతికేవాళ్ళ కోసం సగం రోజు తిరిగాను. చివరికి చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసే ఒకాయన, "ఇదెంత పనండీ" అని తీసుకున్నాడు. అతికాడు. అంతటితో ఊరుకోకుండా, మిలిటరీ అమ్మగారిదని తెలిసి, గౌరవంగా బంగారం పూత కూడా వేసి ఇచ్చాడు.

పిన్ని ఆ కర్రని ఎండలో తిప్పి తిప్పి చూసింది. "ఒరేయ్, గోల్ఫ్ కర్ర అతికించుకు రమ్మంటే వడ్డాణం చేయించుకొచ్చావేంట్రా?" అంది. అయినా ఆ తర్వాత ముఖ్యమైన దెబ్బ ఏదైనా దాంతోనే కొట్టేది.

ఆడేటప్పుడు ఆవిడ చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. "బంతి ఎక్కడుందో అక్కణ్ణించే కొట్టాలి. ఎక్కడుంటే బావుండేదో అక్కణ్ణించి కాదు." ఇది నేను బంతిని పాదంతో జరపబోయినప్పుడల్లా. "నీళ్ళని చూడకురా. నీళ్ళకీ నీకూ ఏం గొడవ లేదు." ఇది నా బంతి చెరువులో పడటానికి ఒక్క క్షణం ముందు. పడ్డాక ఏమీ అనేది కాదు. సంచిలోంచి ఇంకో బంతి తీసి నా ముందు వేసేది.

ఇంక అసలు సంగతికి వస్తాను.

చుట్టూ చెరువులే అయినప్పుడు మధ్యలో ఈ గడ్డి ఎందుకని నాంచారయ్య గారికి అనిపించడంలో తప్పేమీ లేదు. ఆయన ప్రతి శనివారం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, "అమ్మగారూ, ఆ భూమి లీజుకి ఇవ్వండి, చెరువు తవ్వుకుంటాను," అనేవారు. పిన్ని టీ ఇచ్చి, "ఇవ్వనండీ," అనేది. ఆయన టీ తాగి వెళ్ళేవారు. ఏడాది పాటు ఇలాగే గడిచింది. మా చుట్టాలం కూడా ఆయన పక్షమే. ఆ వయసులో ఒక్కతే గట్ల మీద తిరగడం ఎందుకు, బందరులో ఇల్లు తీసుకుని సుఖంగా ఉండొచ్చు కదా అని నేనూ అన్నాను. ఆవిడ నాకు టీ కూడా ఇవ్వలేదు.

ఒక శనివారం నాంచారయ్య గారికి విసుగొచ్చింది. పదిమంది వింటుండగా, "ఏమనుకోకండి అమ్మగారూ, ఆ కర్రలతో కాకుల్ని తోలుకోవడానికి తప్ప ఆ భూమి దేనికి పనికొస్తోందండీ? మీరు రోజూ మా చెరువు చుట్టూ తిరిగి వెళ్తున్నారు గానీ బంతిని చెరువు మీదుగా ఎప్పుడైనా దాటించారా?" అన్నారు.

నిజమే. మూడో గుంట ఒక్కటీ ఆయన చెరువుకి అవతల, ఆయనదే వెడల్పాటి గట్టు మీద ఉండేది. తిన్నగా కొట్టాలంటే నూరు గజాల పైచిలుకు నీళ్ళు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆవిడెప్పుడూ గట్టు వెంట చిన్న చిన్న దెబ్బలు కొట్టుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళేది.

పిన్ని ఆయన చేతిలోని టీ గ్లాసు తీసేసుకుంది. "దాటిస్తే?"

"దాటిస్తే నేను మళ్ళీ లీజు మాటెత్తను. మా తల్లి మీద ఒట్టు."

"దాటించలేకపోతే భూమి మీకు లీజుకిస్తాను. మూడు దెబ్బలు. రేపు చర్చి అయ్యాక."

నేను ఆ ఆదివారం అక్కడే ఉన్నాను. చర్చి చర్చంతా గట్టు మీదికి వచ్చింది. పాస్టరు గారు ఆరాధన పది నిమిషాలు ముందే ముగించారు. చెరువు పనివాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు, ఎవరిదో పెళ్ళిచూపులకి వచ్చి దారి తప్పిన ఒక కుటుంబం, అందరూ వరసగా నిలబడ్డారు. నాంచారయ్య గారు అవతలి గట్టు మీద చేతులు కట్టుకుని న్యాయాధికారిలా నిలుచున్నారు.

పిన్ని నిలబడిన చోటు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెరువు వైపు భూమి అంచున రెండు రాతిమెట్లు ఉన్నాయి. వాటి వెనక ఇల్లు లేదు. ఒకప్పుడు ఉండేది. ఉప్పెన వచ్చిన ఏడు ఆ ఇల్లూ అందులో మా అమ్మమ్మా కూడా పోయారు. పిన్ని అప్పుడు ఉత్తరాదిలో డ్యూటీలో ఉంది. తను వచ్చేసరికి ఈ రెండు మెట్లే మిగిలాయి. దాని గురించి పిన్ని నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మూడో గుంటకి బంతి కొట్టేది మాత్రం ఆ పై మెట్టు పక్కనుంచే.

మొదటి దెబ్బ. బంతి చక్కగా లేచింది, చక్కగా దిగింది, నడి చెరువులో ఏరియేటరు రెక్కకి తగిలి ఠంగుమంది. రెక్క దాన్ని ఎత్తి పైకి విసిరింది. జనం ఈలలు వేశారు. అది వచ్చిన దారినే వెనక్కి వచ్చి నీళ్ళలో పడింది.

రెండో దెబ్బ. అవతలి గట్టు ఇంకో రెండు బారల దూరంలో ఉందనగా, పిట్టలు వాలకుండా కట్టిన తీగ తగిలి బుడుంగున మునిగింది. నాంచారయ్య గారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

పిన్ని సంచిలోంచి బంగారు కర్ర తీయబోయి, మళ్ళీ లోపల పెట్టేసి, అన్నిటికంటే పొడుగు కర్ర తీసింది. ఆవిడకి ఒక అలవాటు. బంతిని కొట్టే ముందు ఒకసారి ఉత్తినే గాలిలో కర్ర ఊపుతుంది, చెయ్యి సాగడానికి. ఇప్పుడూ ఊపింది. బలంగా ఊపింది. తర్వాత ఒక్క క్షణం అలాగే నేలకేసి చూస్తూ నిలబడింది. మళ్ళీ కాళ్ళు సర్దుకుని, కర్ర ఎత్తి, కొట్టింది.

ఆ చప్పుడు వేరు. ఎండిన కొమ్మ విరిగినట్టు వచ్చింది. బంతి ఏరియేటర్ల మీదుగా, తీగల మీదుగా, నాంచారయ్య గారి నెత్తి మీదుగా వెళ్ళి అవతల గడ్డిలో పడి, రెండు గెంతులు గెంతి ఆగింది.

"స్తోత్రం!" అన్నారు పాస్టరు గారు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెళ్ళిచూపులవాళ్ళు కూడా కొట్టారు. నాంచారయ్య గారు గట్టు చుట్టూ నడిచి వచ్చి రెండు చేతులూ జోడించారు. "ఓడిపోయానండీ అమ్మగారూ. మీరు మామూలు మనిషి కాదు."

పిన్ని చెయ్యి ఎత్తింది. వార్డులో గోల చేసే రోగుల ముందు ఎత్తినట్టు. అందరూ ఆగారు.

"దాటింది నాలుగో దెబ్బండీ," అంది. "మూడోది తగల్లేదు."

ఎవరికీ అర్థం కాలేదు. నాంచారయ్య గారు వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. "మూడే కదండీ. మధ్యలో ఉత్తినే గాలిలో ఊపారు, అది లెక్కేంటి?"

"ఉత్తినే ఊపలేదు. కొడదామనే ఊపాను. బంతికి తగల్లేదు. కొట్టాలని ఊపితే అది దెబ్బే, తగిలినా తగలకపోయినా."

"ఆ సంగతి మాకెలా తెలుస్తుందండీ?"

"మీకు తెలియదు. నాకు తెలుసు."

అక్కడ ఉన్నవాళ్ళలో చాలామందికి గోల్ఫ్ అంటే ఏంటో తెలియదు. కానీ ఆ మాట అందరికీ తెలిసింది. చివరికి నాంచారయ్య గారు తల గోక్కుంటూ, "అంటే నేను గెలిచానాండీ?" అని అడిగారు.

"గెలిచారు. అభినందనలు." పిన్ని ఆయనకి చెయ్యి ఇచ్చింది.

"ఇదేం ఆటండీ బాబూ," అన్నారాయన. "గెలిచినట్టే లేదు."

ఇంటికి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "ఎవరూ చూడలేదు కదా పిన్నీ!"

"నేను చూశాను కదరా."

"నువ్వు తప్ప ఎవరూ అంటున్నాను."

"సరే, అయితే నన్ను ఈ గదిలోంచి బయటికి పంపించెయ్. తర్వాత లెక్కెట్టుకుందాం." తన గుండెకాయ వైపు వేలు చూపించింది. తర్వాత లోపలికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు. సంచిలో కర్రల్ని ఒక్కొక్కటే తుడిచి పెడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆ రోజు మేం ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు.

పదిరోజుల తర్వాత పొక్లెయిన్ వచ్చింది. నేను సెలవు పెట్టి వెళ్ళాను, పిన్ని ఒక్కతే ఆ తవ్వకం చూడకూడదని. వెళ్ళేసరికి పిన్ని సున్నం బస్తా ఒకటి పక్కన పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, నేల మీద గీతలు గీస్తోంది. ఆవిడ వెనకే బంటుమిల్లి నుంచి వచ్చిన ఒకాయన నడుస్తూ మొత్తుకుంటున్నాడు. చెరువులు ఎలా తవ్వాలో చెప్పే మనిషిట. జిల్లాలో సగం చెరువులకి ఆయనే కొలతలు వేశాడట.

"చెరువంటే నాలుగు మూలలు ఉండాలండీ అమ్మగారూ. ఇది చూడండి, జీడిపప్పులా ఉంది. ఇందులో రొయ్యలు ఎలా తిరుగుతాయండీ?"

"తిరగడం నేర్చుకుంటాయి," అంది పిన్ని.

"గట్టు అంత వెడల్పు ఎందుకండీ? లారీ వెళ్తుంది దాని మీద!"

"గేదె వెళ్ళాలి. పక్కన మనిషి వెళ్ళాలి."

నాకు అప్పుడు అర్థమైంది. భూమి పోయిందని అందరం అనుకుంటున్నాం. పిన్నికి చెరువు దొరికింది. పచ్చిక తగ్గితే ఏం, నీళ్ళు పెరిగాయి. ఆట కష్టమైంది, అందుకని బావుంటుంది అని ఆవిడ లెక్క. ఆరు గుంటల్లో నాలుగింటిని కొత్త గట్టు మీదికి మార్చి, ప్రతి దెబ్బా ఏదో ఒక నీటి మీదుగా వెళ్ళేలా గీసేసింది.

బంటుమిల్లి ఆయన నాంచారయ్య గారి దగ్గరికి పరుగెత్తాడు. "మీరు లీజుదారులండీ, మీ ఇష్టం. తిన్నగా తవ్వించేయనా?"

నాంచారయ్య గారు ఆ సున్నం గీత వెంట నెమ్మదిగా నడిచారు. గీత తిన్నగా వచ్చి వచ్చి, ఒక చోట చటుక్కున లోపలికి వంగి, మళ్ళీ బయటికి వెళ్తోంది. వంగిన చోట రెండు రాతిమెట్లు ఉన్నాయి. ఆయన అక్కడ ఆగారు. ఆయనదీ ఆ ఊరే. ఉప్పెన వచ్చిన ఆ యేడు వాళ్ళింట్లో కూడా మనుషులు పోయారు. ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టి, మెట్ల మీద పడిన కాస్త సున్నం చేత్తో తుడిచారు.

"ఆవిడ గీసినట్టే తవ్వు," అన్నారు బంటుమిల్లి ఆయనతో.

"రొయ్యలండీ..."

"నేర్చుకుంటాయన్నారు కదయ్యా."

రొయ్యలు నేర్చుకున్నాయి. పట్టుబడి రోజున వల లాగితే రొయ్యలతో పాటు బంతులు వచ్చాయి, బుట్టెడు. కొనడానికి వచ్చినవాళ్ళు రొయ్యల్ని కిలోకి ఎన్ని తూగుతాయో చూసి కౌంటు చెప్తారు కదా, అందులో ఒకాయన బంతి ఒకటి పైకెత్తి, "ఇది ఏ కౌంటండీ?" అన్నాడు. కొత్తగా పనిలో చేరిన ఒకతను వాటిని తాబేలు గుడ్లనుకుని, పాపం అని, అయిదింటిని కాలవ ఒడ్డున ఇసకలో భద్రంగా పాతిపెట్టాడు. నెల్లాళ్ళు కుక్కలు రాకుండా కాపలా కాశాడు కూడా. పిన్ని అతనికి నిజం చెప్పనివ్వలేదు. "మంచి పని చేస్తున్నాడు, చెయ్యనీండి," అంది.

ఆ పట్టుబడి అయిన మర్నాడే నాంచారయ్య గారు పొద్దున్నే గట్టు మీదికి వచ్చారు. మేత చూడటానికి వచ్చినట్టు కాసేపు తిరిగారు. తర్వాత, "ఊరికే అడుగుతున్నానండీ. ఆ కర్ర ఎలా పట్టుకుంటారు?" అన్నారు.

ఆయన లుంగీ ఎగ్గట్టుకుని ఆడేవారు. మొదట్లో ఆయన చేసిన మోసాలు అన్నీ ఇన్నీ కావు. గడ్డిలో పడిన బంతిని కాలి బొటనవేలితో మంచి చోటికి జరిపేవారు. నీళ్ళలో పడితే "ఒడ్డునే పడిందండీ" అని జేబులోంచి ఇంకోటి జార్చేవారు. పిన్ని వెనక్కి తిరక్కుండానే, "నాంచారయ్యా, బంతికి కాళ్ళు లేవు. నీ కాలు అరువివ్వకు," అనేది. అప్పటికి ఆయనా "అమ్మగారు" మానేసి "అక్కయ్య గారు" అనడం మొదలెట్టారు.

ఏడాది తిరిగేసరికి మోసాలు తగ్గాయి. రెండేళ్ళకి పూర్తిగా పోయాయి. ఆ తర్వాత ఆయనతో ఊరికి కష్టాలు మొదలయ్యాయి. ఒకరోజు పంచాయతీ దగ్గర ఏదో గట్టు తగాదా తెగుతుంటే, ఆ తగాదాతో సంబంధం లేని నాంచారయ్య గారు లేచి నిలబడి, "పన్లో పని, నాదీ చెప్పేస్తానండీ. దక్షిణం గట్టు రెండడుగులు అవతలికి జరిపింది నేనే. ఎవరూ చూడలేదు," అన్నారు. ఆ పక్క చేనాయన పదిహేనేళ్ళుగా తన కళ్ళే తప్పనుకుంటున్నాడు. ఇంటికెళ్ళాక నాంచారయ్య గారి భార్య పిన్ని దగ్గరికి వచ్చి, "మీరు మా ఆయనకి ఏం నేర్పిస్తున్నారండీ?" అని నిలదీసింది. పిన్ని ఆవిడకి కూడా ఒక కర్ర ఇవ్వబోయింది.

నాకు మాత్రం ఆట రాలేదు. ఇంకోటి వచ్చింది. క్లాసులో లెక్క తప్పు చేస్తే ఇదివరకు డస్టరుతో గబగబా చెరిపేసి ఇంకోటి మొదలెట్టేవాణ్ణి. ఇప్పుడు వెనక్కి తిరిగి, "తప్పు చేశాను. ఇక్కడ," అని వేలు పెట్టి చూపిస్తాను. పిల్లలు మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్ళ తప్పులు కూడా దాచకుండా తెచ్చి చూపించడం మొదలెట్టారు. ఈ సంగతి పిన్నికి చెప్దామని చాలాసార్లు అనుకున్నాను. ఎప్పుడు వెళ్ళినా బంతులు వెతకడంతోనే సరిపోయేది.

భూస్థాపన పిన్ని పోయిన మర్నాడు. పెట్టెలో ఆవిడతో పాటు ఒక కర్ర పెడదామని నేనే అన్నాను. సంచిలోంచి తీసేసరికి చేతికి వచ్చింది చిలకలపూడి కర్ర. ఎండ పడి ధగధగా మెరిసింది. వెనక ఆడవాళ్ళలో కలకలం. "అంత బంగారం మట్టిలో పెడతారంటమ్మా!" అని ఒకావిడ. "మిలిటరీ వాళ్ళు, వాళ్ళకేం," అని ఇంకొకావిడ. పాస్టరు గారు దగ్గారు. నాంచారయ్య గారు నా చేతిలోంచి కర్ర మెల్లిగా తీసుకుని, "వద్దండీ మాస్టారూ. అక్కడ ఆవిడకి కొత్తది ఇస్తారు," అన్నారు.

పాస్టరు గారు చదివిన వాక్యంలో పచ్చిక ఉంది, నీళ్ళూ ఉన్నాయి. నాంచారయ్య గారు నా చెవిలో, "ఏంటండీ, ఈయన మన గ్రౌండు గురించే చదువుతున్నారు?" అన్నారు. నవ్వు ఆపుకోవడానికి నేను తల వంచుకున్నాను. దుఃఖం ఆపుకుంటున్నాననుకుని ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. అది కూడా నిజమే.

ఆ మర్నాడు పొద్దున్న నేను గుడివాడ బస్సు ఎక్కాలి. ఆరింటికే నాంచారయ్య గారు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. భుజాన ఆయన కర్ర. "ఒక్క గుంట ఆడి వెళ్ళండి," అన్నారు.

వెళ్ళాం. కాలవలో పోటు ఎక్కుతోంది. కరెంటు పోయినట్టుంది, చెరువుల మీద చప్పుడు లేదు. గేదెలు రెండు అప్పటికే వచ్చి మేస్తున్నాయి. నేను ముందు కొట్టాను. నా బంతి ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్ళింది, నీళ్ళలోకి. నాంచారయ్య గారు లుంగీ ఎగ్గట్టుకుని, కాళ్ళు సర్దుకుని కొట్టారు. అది అవతలి గట్టు చేరింది. ఆయన దాని వైపు చూడలేదు. కర్ర చంకలో పెట్టుకుని నాలుగడుగులు పక్కకి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేనూ ఆయన పక్కన నిలబడ్డాను. మా ముందు ఖాళీగా గడ్డి. ఒక మనిషి నెమ్మదిగా వచ్చి, వంగి బంతి పెట్టి, ఒకసారి ఉత్తినే ఊపి, తర్వాత కొట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఇద్దరం అలాగే నిలబడ్డాం. అప్పుడు ఆయన "పదండి" అన్నారు.